ఆయుష్షు చెప్పే పరీక్ష ఉన్నదా?

అన్నవాహిక కేన్సర్ అని తేలిన ఇంటిలో మొదటి వారమంతా రోగి గొంతును గురించే మాటలు నడుస్తాయి. ఏం తింటున్నారు, ఏది దిగుతోంది, ఏది దిగడం లేదు అని అందరూ ఆరా తీస్తారు. రెండవ వారం నుండి ఒకే ఒక్క ప్రశ్న మిగులుతుంది. దానిని రోగి ముందు ఎవరూ అడగరు. వంటింటి తలుపు చాటున, ఆసుపత్రి మెట్ల మీద, ఫజ్ర్ నమాజు ముగిసిన తరువాత మస్జిద్ వరండాలో అడుగుతారు: ఇంకా ఎన్నాళ్లు?

ఈ మధ్య షాద్‌నగర్‌లోని మా మదరసాకు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వారి చేతిలో తండ్రి రిపోర్టులతో పాటు ఒక రంగుల కరపత్రం ఉన్నది. నగరంలోని ఒక ప్రైవేటు ల్యాబ్ తరఫున వచ్చిన వ్యక్తి దానిని ఇచ్చి, రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థాన్ని కొలిపిస్తే రోగి ఎంతకాలం జీవిస్తాడో తెలిసిపోతుందని చెప్పాడట. "మౌలానా సాబ్, అబ్బాకు ఈ పరీక్ష చేయించమంటారా? అసలు అలా తెలుసుకోవడం జాయెజేనా?" అని పెద్దవాడు అడిగాడు. పరీక్ష ఖర్చు కోసం తన ఆటోను బేరం పెట్టినట్లు తమ్ముడు తరువాత చెప్పాడు.

మేము వైద్యులము కాము. దర్సె నిజామీ చదివి, పిల్లలకు సర్ఫ్, నహ్వ్, ఫిఖ్‌హ్ బోధించుకునే వారము. అయినా అడిగిన వారికి "తెలియదు" అని చెప్పి పంపడానికి మనసొప్పలేదు. ఎరిగిన వైద్యులను అడిగి, దొరికినంత చదివి, మాకు అర్థమైనంత మేరకు ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు గనుక పత్రికలో వ్రాయడమే సముచితమని తోచింది.

ముందుగా వ్యాధి సంగతి. గొంతు నుండి జీర్ణాశయం వరకు దిగే కండరపు గొట్టమే అన్నవాహిక. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దీనికి రెండు లక్షణాలు ఉన్నాయి. అవే రోగి పాలిట శత్రువులవుతాయి. మొదటిది, ఇది బాగా సాగుతుంది. లోపల కణితి పెరుగుతున్నా, దారి చాలా వరకు ఇరుకయ్యేదాకా మింగడంలో ఇబ్బంది తెలియదు. రెండవది, ప్రేగులకు, జీర్ణాశయానికి వెలుపల ఉండే పలుచని పైపొర దీనికి లేదు. అందువలన కణితి పక్కనున్న అవయవాలకూ గ్రంథులకూ త్వరగా ప్రాకుతుంది.

మన పాలమూరు పల్లెలలో ఈ జబ్బు మొదట జొన్న రొట్టె దగ్గర బయటపడుతుంది. "రొట్టె ఛాతీలో ఆగినట్లున్నది" అంటారు. కొద్ది రోజులకు మాంసం ముక్క దిగదు. ఆ తరువాత రొట్టెను చాయ్‌లో నానబెట్టుకోవడం, అటుపై అంబలి, చివరకు మంచినీళ్లు కూడా కష్టం. గట్టి పదార్థం నుండి పలుచని పదార్థానికి జరిగే ఈ జారుడే అసలైన గుర్తు. అప్పటికే నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి ఉంటారు, బరువు తగ్గి ఉంటారు. 2022 సంవత్సరానికి ప్రపంచ కేన్సర్ పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం, ఆ ఒక్క ఏడు లోకంలో సుమారు 5 లక్షల 10 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకగా, 4 లక్షల 45 వేల మంది దీనితో మరణించారు. ఆ రెండు సంఖ్యలు అంత దగ్గరగా ఉండడమే ఈ వ్యాధి తీవ్రతను చెబుతోంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. అందలుసియాలోని ఇష్బీలియా నగరంలో జీవించి 1162లో కన్నుమూసిన ఇబ్న్ జుహ్ర్ తన వైద్యగ్రంథం 'అత్-తైసీర్'లో దీని నడకను వర్ణించారు. తొలుత స్వల్పమైన నొప్పి, ఆ తరువాత క్రమంగా మింగడం కష్టమై, చివరకు దారి పూర్తిగా మూసుకుపోవడం. అటువంటి రోగికి వెండి గొట్టం ద్వారా పాలు పంపాలని ఆయన సూచించారు. ఈనాడు ఎండోస్కోపీ ద్వారా లోహపు జాలీ గొట్టం అమర్చి దారి తెరిచే వైద్యులను చూసినప్పుడు మాకు ఆ పెద్దాయనే గుర్తుకు వస్తారు.

ఇక ఆ కరపత్రంలోని మాట. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటి?

మన శరీరంలోని ప్రతి కణంలో ఒక మూలగ్రంథం ఉన్నదనుకోండి. అదే డీఎన్‌ఏ. సుమారు 300 కోట్ల అక్షరాలు గల ఆ గ్రంథం కుతుబ్‌ఖానా దాటి బయటకు రాదు. కావలసిన పాఠాన్ని నకలు వ్రాసి తరగతికి పంపుతారు. ఆ నకలును చూసి కణం తనకు కావలసిన ప్రోటీన్‌ను తయారు చేసుకుంటుంది. అయితే ఒక్కోసారి ముహ్తమిమ్ సాహెబ్ చిన్న చీటీ పంపిస్తారు: "ఈ పాఠం ఇప్పుడు ఆపండి" అని. చీటీ వచ్చి నకలుకు అంటుకుంటే ఆ పాఠం సాగదు. ఆ చీటీయే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. దాని నిడివి దాదాపు 22 అక్షరాలు మాత్రమే.

ఈ చీటీని మొదట కనుగొన్నది మనిషిలో కాదు, ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో. 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్ బృందమూ, గ్యారీ రవ్‌కున్ బృందమూ విడివిడిగా పనిచేస్తూ దీని గుట్టు విప్పాయి. అది పురుగుకే పరిమితమైన విచిత్రమని భావించి చాలామంది పట్టించుకోలేదు. 2000లో రవ్‌కున్ బృందం మరొక మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుగొన్నది. అది మనిషి మొదలుకొని ఎన్నో జీవులలో ఉన్నదని తేలిన తరువాతనే లోకం కళ్లు తెరిచింది. నేడు మానవ దేహంలో ఇటువంటివి వెయ్యికి పైగా ఉన్నాయని అంటున్నారు. ఆ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. ముప్పై ఒక్క సంవత్సరాల నిరీక్షణ! పురుగును తుచ్ఛమని తోసిపుచ్చిన వారు ఎంత పోగొట్టుకునేవారో మన విద్యార్థులు ఆలోచించదగిన సంగతి.

చీటీలు తారుమారైతే తరగతి గతేమిటి? ఆపవలసిన పాఠం ఆగదు, సాగవలసిన పాఠం ఆగుతుంది. కేన్సర్‌లో అదే జరుగుతుంది. ఒక రకపు రక్త కేన్సర్ రోగులలో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు లోపించి ఉన్నాయని 2002లో కార్లో క్రోచే బృందం చూపింది. అప్పటి నుండి దాదాపు ప్రతి కేన్సర్‌లోనూ ఈ వెతుకులాట మొదలైంది. అన్నవాహిక కేన్సర్‌లో ఎక్కువగా వినబడే పేర్లు రెండు. ఒకటి మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21. ఇది కణాల విచ్చలవిడి పెరుగుదలను అదుపు చేసే ప్రోటీన్ల నోరు నొక్కుతుంది, కణితులలో అధికంగా కనబడుతుంది. రెండవది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-375. ఇది పెరుగుదలకు కళ్లెం వేసేది, కణితులలో తగ్గిపోతుంది.

వీటికీ రోగి ఎంతకాలం జీవించాడన్న దానికీ సంబంధం ఉన్నదా అని పలువురు పరిశీలించారు. 103, 107 సంఖ్యలు గల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అధికంగా ఉన్న రోగులు తక్కువ కాలం జీవించినట్లు 2008లో చైనా పరిశోధకులు వెల్లడించారు. మరుసటి ఏడు అమెరికా, కెనడా, జపాన్ దేశాలకు చెందిన 170 మంది రోగుల నుండి తీసిన ముక్కలను పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. ఇందులో ఒక విశేషం ఉన్నది. మన దేశంలో ఎక్కువగా కనబడే పొలుసు కణాల రకంలో, కణితిలో కాక దాని పక్కనున్న మామూలు పొరలో 21వ మైక్రో ఆర్‌ఎన్‌ఏ అధికంగా ఉన్నవారి పరిస్థితి విషమించింది. గ్రంథి కణాల రకంలో, అందునా ఏళ్ల తరబడి పుల్లని త్రేన్పులతో అన్నవాహిక పొర మారిపోయిన వారిలో, 375వ దాని కొరత చెడు సూచనగా తేలింది. రోగ రకం మారితే గుర్తు మారింది. ముక్క తీసిన చోటు మారితే జవాబు మారింది. 2011లో జపాన్‌కు చెందిన కొమత్సు బృందం ముక్కతో పని లేకుండా రక్తంలోనే వీటిని కొలిచి, 21వది అధికంగా ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువని చెప్పింది. అయితే ఆ అధ్యయనంలో ఉన్న రోగులు 50 మంది మాత్రమే. మన హైదరాబాద్‌లోనూ సీడీఎఫ్‌డీ సంస్థలో మురళీధరన్ బాష్యం ప్రయోగశాల పెద్దప్రేగు, అన్నవాహిక కేన్సర్ల జన్యు మూలాలపై పనిచేస్తోంది. మన ప్రాంతపు రోగుల కణితులను మన దగ్గరే చదవడం అవసరం. ఎక్కడో చేసిన లెక్క మన పాలమూరు మనిషికి యథాతథంగా సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇప్పుడు అసలు చిక్కు. "ఈ గుర్తు ఉన్నవారు తక్కువ కాలం జీవించారు" అన్న వాక్యానికీ, "నీ తండ్రి ఇన్ని నెలలు జీవిస్తాడు" అన్న వాక్యానికీ నడుమ ఎంతో దూరం ఉన్నది. ఊహకు, గుర్తు ఉన్నవారు వందమంది, లేనివారు వందమంది అనుకుందాము. మూడేళ్ల తరువాత మొదటి గుంపులో ముప్పై మంది, రెండవ గుంపులో యాభై మంది మిగిలారనుకుందాము. శాస్త్రజ్ఞునికి ఇది గొప్ప తేడాయే. కానీ గుర్తు ఉండి కూడా ముప్పై మంది నడుస్తున్నారు. గుర్తు లేకపోయినా యాభై మంది వెళ్లిపోయారు. మీ తండ్రి వీరిలో ఎవరో ఆ కాగితం చెప్పదు. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో ఒక అరుదైన కేన్సర్ సోకింది. ఆ రోగులలో సగం మంది ఎనిమిది నెలలలోపే మరణిస్తారని పుస్తకాలలో వ్రాసి ఉన్నది. ఆయన ఆ తరువాత ఇరవై ఏళ్లు జీవించి, 2002లో వేరొక కేన్సర్‌తో మరణించారు.

ఫిఖ్‌హ్ చదివిన వారికి ఇది సులభంగా అర్థమవుతుంది. యఖీన్ వేరు, జన్నె గాలిబ్ వేరు. చీకటి రాత్రి ఖిబ్లా దిక్కు తెలియని బాటసారి తనకు తోచిన ఆధారాలతో ఒక దిక్కును నిర్ణయించుకుని నమాజు చేస్తాడు. ఆ బలమైన అంచనాపై ఆచరించడం సరియైనదే, అయినా దానిని నిశ్చయ జ్ఞానమని ఎవరూ అనరు. వైద్యుని అంచనా కూడా అంతే. అది జ్యోతిషం కాదు. దానిని తెలుసుకోవడంలో దోషం లేదు. అది అల్లాహ్ నిర్ణయించిన గడువును చదివి చెప్పడమూ కాదు. ఆ అన్నదమ్ముల రెండవ ప్రశ్నకు మేమిచ్చిన జవాబు ఇదే.

మరణవ్యాధిని గురించి మన ఫుఖహా ఎంత జాగ్రత్తగా మాట్లాడారో చూడండి. మరజుల్ మౌత్‌లో ఉన్న మనిషి తన ఆస్తిని దానంగా ఇస్తే అది మూడవ వంతుకు మించి చెల్లదు. మరి ఏది మరణవ్యాధి? ఉస్మానీ పాలనలో 1876 నాటికి పూర్తయిన 'మజల్లా' దీనికి నిర్వచనం ఇచ్చింది: సాధారణంగా మరణభయం ఉండే రోగం, మనిషిని తన రోజువారీ పనులు చేసుకోనివ్వనిది, ఏడాది లోపల అదే స్థితిలో అతడు మరణించాలి. అంటే మరణం సంభవించిన తరువాతనే అది మరణవ్యాధి అని తీర్పు. కోలుకుంటే ఆ దానం మామూలు దానమే, పూర్తిగా చెల్లుతుంది. ముందుగా ముద్ర వేయడానికి వారు తొందరపడలేదు.

పరీక్షలోని సాంకేతిక లోపాలు కూడా చెప్పవలసి ఉన్నది. 21వ మైక్రో ఆర్‌ఎన్‌ఏ రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దప్రేగు కేన్సర్లలోనూ పెరుగుతుంది. వాపు ఉన్న మామూలు జబ్బులలో కూడా పెరగవచ్చును. రక్తం తీసేటప్పుడు ఎర్ర కణాలు చిట్లితే వాటిలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కలిసి లెక్క తప్పుతుంది. దేనితో పోల్చి కొలవాలన్న దానిపై ప్రయోగశాలల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇంతవరకు అన్నవాహిక కేన్సర్ చికిత్సను ఈ పరీక్ష ఆధారంగా నిర్ణయించే పద్ధతి ఆసుపత్రులలో లేదు. పరిశోధన విలువైనదే, రేపు దాని నుండి మంచి పరీక్ష రావచ్చును. కానీ పరిశోధన దశలో ఉన్న దానిని దిక్కుతోచని ఇంటికి అమ్మడం మాకు తగని వ్యాపారంగా తోస్తున్నది.

వైద్యులను మేము అడిగిన సూటి ప్రశ్న ఒక్కటే: ఈ పరీక్షలో మంచి వచ్చినా చెడు వచ్చినా మీరిచ్చే చికిత్స మారుతుందా? మారదని అన్నారు. ఏ ఖరీదైన పరీక్ష వ్రాసినా పాఠకులు ఈ ప్రశ్న అడగవచ్చును. ఆటో అమ్మవద్దని ఆ పిల్లవానికి చెప్పాము.

అంచనాకు ఈనాడు నిజంగా పనికివచ్చేవి పాత సంగతులే: కణితి గోడలో ఎంత లోతుకు దిగింది, గ్రంథులకు ప్రాకిందా, కాలేయం, ఊపిరితిత్తుల వంటి చోట్లకు చేరిందా, రోగి లేచి తిరగగలడా, బరువు ఎంత తగ్గింది. వీటిని ఎండోస్కోపీ, ముక్క పరీక్ష, స్కాన్ చెబుతాయి. శస్త్రచికిత్సకు అనువైన దశలో ఉంటే చికిత్స వలన కలిగే తేడా చిన్నది కాదు. నెదర్లాండ్స్‌లో 366 మంది రోగులపై జరిపి 2012లో ప్రకటించిన క్రాస్ అధ్యయనంలో, నేరుగా శస్త్రచికిత్స చేసిన వారిలో సగం మంది 24 నెలలు దాటి జీవించగా, ముందుగా ఐదు వారాలు కీమో, మనవారు 'కరెంటు' అని పిలిచే రేడియేషన్ ఇచ్చి ఆ తరువాత శస్త్రచికిత్స చేసిన వారిలో సగం మంది 49 నెలలు దాటారు. రెట్టింపుకు పైమాటే. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నది గనుక వైద్యమెందుకని అడిగేవారు ఆకలి వేసినప్పుడు అన్నమెందుకని అడగరు.

అన్నం మాట వచ్చింది గనుక, ఈ రోగి ఇంట అందరికంటె ముందు చూడవలసినది పోషణ. మింగలేక ఎండిపోయిన దేహం కీమోను తట్టుకోలేదు. గుడ్డు, పాలు, పప్పుకట్టు, మెత్తగా రుబ్బిన మాంసం కొద్దికొద్దిగా రోజుకు ఆరేడు సార్లు ఇవ్వాలి. ఏదీ దిగకపోతే ముక్కు గుండానో, పొట్టకు చిన్న రంధ్రం చేసి నేరుగా ప్రేగులోనికో గొట్టం అమరుస్తారు. దానిని చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెడతారు, ఇక అయిపోయిందని. అది ముగింపు కాదు, చికిత్సకు బలం చేకూర్చే దారి. పరీక్షకు పెట్టదలచిన సొమ్ముతో తండ్రికి కొన్ని నెలలు మంచి ఆహారం పెట్టవచ్చని మా ఉద్దేశం.

చికిత్స కోసం షాద్‌నగర్ నుండి బెంగళూరు రహదారి మీదుగా నగరం చేరడం కష్టమేమీ కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి 1955లో వెలసింది. ఆ మూడు అక్షరాలు మెహదీ నవాజ్ జంగ్ పేరు. ఆయన తరువాత గుజరాత్ తొలి గవర్నరయ్యారు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రారంభమైన తొలి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. కార్డు ఉండి కూడా తెలియక అప్పు చేసిన ఇళ్లను మేము చూశాము.

రోగికి చెప్పాలా వద్దా అన్నది మరొక సంకటం. మన ఇళ్లలో కేన్సర్ అన్న మాటను దాచి "గొంతులో పుండు" అని చెబుతారు. ప్రేమతోనే అలా చేస్తారు. కానీ ఆయనకు ఇవ్వవలసిన బాకీలు ఉండవచ్చును, ఎవరిదో అమానత్ ఆయన దగ్గర ఉండవచ్చును, కోడలికి ఇవ్వని మెహర్ గురించి కొడుకుతో చెప్పవలసిన మాట ఉండవచ్చును. వారసులు కాని వారికి మూడవ వంతు వరకు వసియ్యత్ వ్రాసే హక్కు ఆయనది. విషయం దాచితే ఈ హక్కులన్నీ ఆయన చేతి నుండి జారిపోతాయి. నెలల లెక్క చెప్పనక్కరలేదు. "జబ్బు పెద్దదే అబ్బా, వైద్యం చేయిస్తున్నాము, మీరు చెప్పవలసినవేవైనా ఉంటే చెప్పండి" అంటే చాలు. ఎక్కువమంది అప్పటికే గ్రహించి ఉంటారు. పిల్లలు బాధపడతారని వారే దాచి ఉంటారు.

చివరగా ఒక అపోహ. మద్యం ముట్టని ఇళ్లకు ఈ జబ్బు రాదని మనవారిలో కొందరి ధీమా. మద్యం, పొగాకు ప్రధాన కారణాలన్నది నిజమే. కానీ ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో తుర్క్‌మెన్ ముస్లిములు మద్యం దాదాపు ముట్టరు, పొగ త్రాగడమూ తక్కువే. అయినా అన్నవాహిక కేన్సర్ లోకంలో అత్యధికంగా కనబడిన చోట్లలో అది ఒకటి. అక్కడ 50,045 మందిని ఏళ్ల తరబడి గమనించారు. చాయ్ వేడిని వారి మాటపై వదిలిపెట్టక, కప్పులో ఉష్ణమాపకం పెట్టి, 75 డిగ్రీల నుండి ఐదేసి డిగ్రీలు చల్లారనిస్తూ "మీరు త్రాగే వేడి ఇదేనా?" అని అడిగి నమోదు చేశారు. 60 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు పైగా త్రాగేవారిలో ఈ కేన్సర్ ముప్పు, అంతకంటె చల్లగా, తక్కువగా త్రాగేవారితో పోలిస్తే 90 శాతం ఎక్కువని 2019లో ప్రకటించారు. 65 డిగ్రీలకు మించిన పానీయాలు బహుశా కేన్సర్ కారకాలని 2016లోనే ప్రపంచ కేన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తప్పు చాయ్‌ది కాదు, వేడిది. పొయ్యి మీది నుండి దించి నాలుగైదు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

వలీమా విందులో పళ్లెం నిండా తిరిగే జర్దా పాన్, యువకుల జేబులలోని గుట్కా పొట్లం మాత్రం ఆగినంత మాత్రాన చల్లారేవి కావు. పొగాకు లేకపోయినా వక్కే స్వయంగా కేన్సర్ కారకమని 2004లో అదే సంస్థ ప్రకటించింది.

మీ ఇంట నలభై దాటిన వారెవరికైనా రొట్టెగాని మాంసంగాని రెండు వారాలకు మించి ఛాతీలో ఆగుతున్నట్లుంటే, లేదా కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, గ్యాస్ మాత్ర మార్చి చూడక ఎండోస్కోపీ చేయించండి. పరగడుపున వెళ్లాలి, పరీక్షకు పట్టేది పది నిమిషాలు.